మెగస్తనీసు: ఇండికా శకలములు

మెగస్తనీసు క్రీస్తుపూర్వము నాల్గవ శతాబ్ది తుదిని, మూడవ శతాబ్ది మొదటను జీవించిన యవన చరిత్రకారుడు. సెల్యూకసు నికేటరు పక్షమున రాయబారియై మౌర్య చంద్రగుప్తుని కొలువునకు వచ్చి, తాను చూచినదానిని, విన్నదానిని కూర్చి ‘ఇండికా’ యను గ్రంథమును రచించినవాడు. ఆ గ్రంథము నేడు లేదు. తరువాతి శతాబ్దములందు గ్రీకు, లాటిను భాషలలో వ్రాసినవారు తమ తమ పనులకై దానినుండి యెత్తి వ్రాసికొన్న భాగములు మాత్రమే మిగిలినవి. అంతకుముందు టెసియసు అను వైద్యు డొకడు పారశీక చక్రవర్తి కొలువున గూర్చుండి, ఈ దేశమును కన్నులార చూడకయే ఇదే పేరిట నొక గ్రంథము వ్రాసియుండెను; అలెగ్జాండరు వెంట వచ్చినవారు పంజాబు, సింధు ప్రాంతములు దాటి యెఱుగరు. గంగాతీరమున రాజధానిదాక వచ్చి, రాజును స్వయముగ చూచి, మరలిపోయి వ్రాసిన యవనులలో మెగస్తనీసే మొదటివాడు. ఆంధ్రుల సైన్యబలమును గూర్చి పాశ్చాత్య వాఙ్మయమున కానవచ్చు తొలి లెక్కను సైతము పండితులు పెక్కుమంది యీతనికే ఆపాదించిరి.

పోయిన గ్రంథము పరుల చేతివ్రాతలో బ్రతుకుట యెట్టిదో కర్నూలు, కడప సీమలవారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. పూర్వము గ్రామకరణముల యిండ్లలో దండకవిలె లుండెడివి. దేవళముల మాన్యములు, చెఱువు త్రవ్వించినవారి పేర్లు, పాళెగాండ్ర కలహములు, కరవులు, ఊరు పాడుపడి మరల కుదురుకొన్న వైనములు తరతరములుగా వానియందు వ్రాయబడుచుండెడివి. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకములలో కర్నల్ కాలిన్ మెకంజీ పంపిన గుమాస్తాలు ఊరూర తిరిగి, కరణములను, వృద్ధులను అడిగి, ఆ కవిలెలనుండి కైఫీయతులు వ్రాయించిరి. కవిలెలు పెక్కు చెదలపాలైనవి; కైఫీయతులు నిలిచినవి. కవిలెలో నున్నదానిలో నెంత కైఫీయతులోనికి వచ్చెను, అడిగినవాని యక్కఱ యేమి, చెప్పినవాని మొగమోట మేమి యని విచారింపక కైఫీయతును చదువువాడు పొరబడును. ఇండికా విషయమునను ఇదియే మార్గము. నందికొట్కూరు ప్రాంతమున శ్రీశైల జలాశయములో మునిగిన సంగమేశ్వరాలయమును వేసవిలో చూచినవారికి ఇంకొక యుపమానము తోచును. నీరు తగ్గినకొలది మొదట శిఖరము, పిదప గోడలు, తుదకు బురద నడుమ వేపదారు లింగము వెలికి వచ్చును. నీరు తగ్గని యేట శిఖరముతోనే తృప్తి చెందవలెను. మనకు కనబడునది ఆలయమే యైనను, కనబడు మేరను నిర్ణయించునది నీరు. ఇండికాలో మనకు కనబడు మేరను నిర్ణయించినవారు దానినుండి యెత్తి వ్రాసినవారు.

మెగస్తనీసు జీవితమును గూర్చి తెలిసినది స్వల్పము. అరకోసియా, అనగా నేటి కాందహారు ప్రాంతమునకు అధికారియైన సిబర్టియసు వద్ద నితడు నివసించెననియు, అచ్చటినుండి ‘సాండ్రకొట్టసు’ అను భారతదేశపు రాజును పలుమార్లు దర్శించెననియు అరియను అను చరిత్రకారుడు వ్రాసెను. అలెగ్జాండరు మరణానంతరము ఆసియాఖండమున ఆతని రాజ్యభాగమును చేజిక్కించుకొన్న సెల్యూకసు, క్రీ.పూ. 305-303 ప్రాంతమున సింధునది దాటి వచ్చి, చంద్రగుప్తునితో సంధి చేసికొని, పశ్చిమోత్తర మండలములను విడిచిపెట్టి, వివాహసంబంధ మొడంబడిక చేసికొని, బదులుగా 500 ఏనుగులను పుచ్చుకొనిపోయెను. క్రీ.పూ. 301లో ఇప్ససు యుద్ధమున సెల్యూకసు గెలుచుటకు ఏనుగుల బలము మిక్కిలి తోడ్పడినది. మెగస్తనీసు రాయబారము ఈ సంధి వెనుకటి మైత్రికి ఫలమని చరిత్రకారు లెక్కువమంది తలంచిరి. చంద్రగుప్తుని కుమారుడగు బిందుసారుని కొలువునకు డైమాకసు అను వేఱొక యవనుడు వచ్చెను; ఆతని గ్రంథమును నశించినది.

ఇక ఇండికాను మనకు మిగిల్చినవారు. క్రీ.పూ. ఒకటవ శతాబ్దివాడగు డయోడోరసు తన విశ్వచరిత్ర రెండవ సంపుటమున భారతదేశమును గూర్చిన యొక సంక్షేపమును చేర్చెను. ఆ సంక్షేపమున మెగస్తనీసు పేరు ఒక్కచోటనైన లేదు, కాని తక్కినవారు పేరు చెప్పి యెత్తిచూపిన భాగములతో పోల్చి చూడగా మూలమేదో తెల్లమగుచున్నది. క్రీస్తుశకారంభ కాలపు భూగోళశాస్త్రజ్ఞుడు స్ట్రాబో తన గ్రంథము పదునైదవ భాగమున నీతనిని విరివిగా వాడుకొనెను. వాడుకొనుచునే, భారతదేశమును గూర్చి వ్రాసినవా రెల్ల అసత్యవాదులనియు, వారిలో డైమాకసు మొదటివాడు, మెగస్తనీసు రెండవవాడనియు దూషించెను. తూలనాడినవాని గ్రంథములోనే తూలనాడబడినవాని మాటలు అధికముగ నిలుచుట చరిత్రలో అరుదు కాదు. రెండవ శతాబ్దివాడైన అరియను సైనికుడు, పాలకుడు, నిదానించి మాటాడువాడు. మెగస్తనీసు భారతదేశమున 118 జాతులు కలవని చెప్పగా, దేశమున కొంతభాగమే తిరిగినవాడు ఆ లెక్క నెట్లు తేల్చెనో తనకు బోధపడలేదని యాతడు వ్రాసెను. ఆ యొక్క సందేహమునుబట్టియే అరియనుపై మనకు నమ్మిక కలుగును. వీరుగాక, ఇండికా నాల్గవ భాగమున బాబిలోను రాజు నెబుకద్నెజరు ప్రస్తావన కలదని యూద చరిత్రకారుడు జోసెఫసు తెలిపినందున గ్రంథమునకు నాలుగు భాగములైన నుండెనని తెలియును. అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంటు బ్రాహ్మణుల తత్త్వచింతనను గూర్చిన యొక వాక్యమును భద్రపఱచెను.

ఈ ముక్కలను వెదకి, వరుస కట్టి, 1846లో బాన్ నగరమునందు ప్రకటించినవాడు శ్వాన్‌బెక్ అను జర్మను పండితుడు. ఆ కూర్పును 1877లో మెక్రిండిల్ ఆంగ్లీకరించుటచేత భారతీయ విద్యార్థుల చేతికి మెగస్తనీసు వచ్చెను. అంతకు మునుపే, 1793లో, సర్ విలియం జోన్సు కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సభలో ‘సాండ్రకొట్టసు’ చంద్రగుప్తుడే యని ప్రకటించియుండెను. యవనులు పాటలీపుత్రము చెంత గంగలో కలియునని చెప్పిన ‘ఎరన్నోబోవసు’ నది, సంస్కృతమున శోణకు గల హిరణ్యబాహు నామమేనని గుర్తించుటతో ఆతనికి దారి దొరకెను. భారతదేశపు ప్రాచీన కాలగణన కంతటికి ఈ యొక్క గుర్తింపు కీలకమైనది. శకలముల కూర్పునకు మరల వచ్చినచో, కడపలో బ్రౌను దొర పండితులను కూర్చుండబెట్టి ఒక కావ్యమునకు నాలుగైదు తాళపత్ర ప్రతులను సరిచూపించి పాఠమును నిర్ణయింపజేసెను. శ్వాన్‌బెక్‌నకు సరిచూచుటకు మూలప్రతి యొక్కటియు లేదు.

మెగస్తనీసు వర్ణించిన పాటలీపుత్రము గంగాశోణ సంగమమున 80 స్టేడియముల (ఇది యవనుల దూరమానము) పొడవు, 15 స్టేడియముల వెడల్పు కలిగి, కొయ్యకోటతో, 570 బురుజులతో, 64 ద్వారములతో, చుట్టును అగడ్తతో నుండెను. కోట కొయ్యతో కట్టిరనుట కొందఱికి నమ్మశక్యముగ లేకుండెను; ఇరువదవ శతాబ్దమున పాట్నా యొద్ద బులందీబాగున త్రవ్వగా, నేల లోతున రెండు వరుసలుగ నిలిపిన కొయ్యదూలముల గోడ బయటపడినది. నగరపాలనమును ఐదుగురేసి సభ్యులు గల ఆఱు సంఘములు నిర్వహించెడివనియు, వానిలో నొకటి విదేశీయుల యోగక్షేమములను, మఱొకటి జననమరణముల లెక్కను చూచెడివనియు నీతడు చెప్పెను. జనులను ఏడు తెగలుగా విభజించిన భాగము ప్రసిద్ధము: తత్త్వవేత్తలు, కృషీవలులు, పశుపాలకులు, చేతిపనివారు, సైనికులు, పర్యవేక్షకులు, మంత్రాంగమువారు. ఇది వర్ణవ్యవస్థ కాదు, వృత్తుల పట్టిక. పరదేశీయుడు కొలువునుండి చూడగా కంటబడిన తీరు ఇది. బానిసలు లేరని యీతడు వ్రాసినది మాత్రము నిలువదు. దాసులను గూర్చి ధర్మశాస్త్రములును, అర్థశాస్త్రమును విపులముగ చెప్పుచున్నవి. తన దేశమున గనులలోను, తోటలలోను చూచిన దాస్యమువంటిది ఇచ్చట కానరాకపోవుటచే అట్లు తలంచెనేమో.

ఈతడు దగ్గఱనుండి చూచిన విషయములందు ఏనుగులను పట్టు విధానము శ్రేష్ఠము. చెట్లులేని మైదానమున నాలుగైదు స్టేడియముల మేర గుండ్రముగ కందకము త్రవ్వి, లోపలికి పోవుటకు ఒక్క యిఱుకుత్రోవ వంతెన యుంచి, దానిని మట్టితో, గడ్డితో కప్పి, నడుమ మూడు నాలుగు మచ్చికయైన ఆడు ఏనుగులను విడిచి, మనుష్యులు గట్టులోని మఱుగుతావులలో పొంచియుందురు. అడవియేనుగులు పగలు రావు. రాత్రివేళ ఆడుయేనుగుల వాసన పట్టి ఒక్కొక్కటిగ లోనికి పోగా, కాపరులు వంతెన తీసివేయుదురు. పిమ్మట వానిని ఆకలికి మాడ్చి, బలసిన పెంపుడుయేనుగులను తోలి పోరాడించి, అలసినపుడు మావటీలు మెల్లగ దిగి కడుపుక్రిందకు దూరి కాళ్ళు కట్టుదురు. మెడచుట్టు కత్తితో గీసి ఆ గాటునందే పగ్గము బిగించుటచేత, ఏనుగు తల విదిలింపజాలక ఊరకుండును. కట్టుకొట్టమునకు తెచ్చిన పిదప పచ్చిగడ్డి తినక దిగులుపడు వానిని పాటతోడను, మద్దెల మ్రోతతోడను ఊరడింతురు. కోపమున మావటిని చంపి, ఆ దుఃఖమున తానును ప్రాణము విడిచిన యేనుగు కథయు నీ ఘట్టముననే కలదు. ఇట్టి వ్రాతను అసత్యవాది కల్పించెననుట కష్టము. కందకపు గట్టున నిలిచినవానికిగాని, నిలిచినవానిని కూర్చుండబెట్టుకొని తరచి తరచి యడిగినవానికిగాని మెడపై గాటు సంగతి తెలియదు.

భారతదేశమున కరవన్నది యెన్నడును రాలేదని డయోడోరసు సంక్షేపము చెప్పుచున్నది. ఏడాదికి రెండు వానకారులు, రెండు పంటలు. ఒకటి తప్పినను రెండవది దక్కును. యుద్ధము జరుగుచున్నను సైనికులు దున్నువాని జోలికి పోరు. ముంగారి, హింగారి రెండును తప్పిన యేండ్లను లెక్కపెట్టుకొని బ్రతికిన సీమలో ఈ వాక్యమును చదువుట కష్టము. 1876లో మొదలైన ధాత కరవున కర్నూలు, కడప, బళ్ళారి మండలములు చెన్నరాజధాని యంతటిలోను మిక్కిలి చితికిపోయినవి. నందికొట్కూరు ప్రాంతము మీదుగ పోవు కర్నూలు-కడప కాలువ అప్పటికే త్రవ్వబడియుండియు ఆ యాపదను ఆపజాలలేదు. మెగస్తనీసు చూచినది గంగామైదానము, అదియు రాచమర్యాదలతో. చంద్రగుప్తుని కాలముననే పండ్రెండేండ్ల క్షామము వచ్చెననియు, దాని కారణముగ భద్రబాహువు శిష్యులతో దక్షిణమునకు వలసవచ్చెననియు జైనులు పరంపరగా చెప్పుకొందురు. సోహ్‌గౌరాలో దొరకిన తామ్రశాసనము ఆపత్కాలమునకై ధాన్యము నిలువచేసిన కొట్టములను పేర్కొనుచున్నది. కరవు లేని దేశమున ధాన్యపు కొట్లపై రాజాజ్ఞ యెందులకు? అయినను నొకమాట గుర్తింపదగినది. కరవు రాదని చెప్పినపుడు మెగస్తనీసు వర్షపాతమును మాత్రమే కారణముగ చెప్పలేదు, పోరు నడుమను రైతును తాకరాదను దేశాచారమునుగూడ కారణముగ చెప్పెను.

భారతీయులకు లిపి తెలియదనియు, వారి ధర్మములు వ్రాతలో లేవనియు, అన్నిటిని జ్ఞాపకమునుబట్టియే నడపుదురనియు స్ట్రాబో యెత్తి వ్రాసిన భాగము పెద్ద వివాదమునకు తావైనది. చంద్రగుప్తుని మనుమడు అశోకుడు బండలనిండ అక్షరములు చెక్కించెను. అలెగ్జాండరు నావికాపతి నియర్కసు, భారతీయులు గుడ్డపై ఉత్తరములు వ్రాయుటను పేర్కొనెను. మెగస్తనీసే వేఱొకచోట బాటల వెంట దూరములు తెలుపు రాళ్ళు నాటుటను చెప్పెను. ఈ చిక్కును విప్పుటకు పండితులు చూపిన మార్గము తెలుగువానికి క్షణమున బోధపడును. ధర్మనిర్ణయము దేనినిబట్టి చేయుదురని యవనుడు అడిగియుండును, ‘స్మృతి’నిబట్టి యని విప్రుడు చెప్పియుండును, దుబాసి ఆ పదమును జ్ఞాపకమని తన భాషలోనికి మార్చియుండును. మాట తప్పు కాదు, అర్థము జాఱినది. రెండువేల మూడువందల యేండ్లనాటి యొక దుబాసి తడబాటు ఇట్లు పుటలపై నిలిచియుండుట నాకు ఇండికా శకలములన్నిటిలోను మనసునకు దగ్గఱయైన విషయము.

మెగస్తనీసుపై స్ట్రాబో ఆగ్రహమునకు ప్రధానకారణము వింతకథలు: బంగారము త్రవ్వు చీమలు, నోరులేక వాసనతో బ్రతుకువారు, చెవులు కప్పుకొని నిద్రించువారు, మడమలు ముందుకు వ్రేళ్ళు వెనుకకు గలవారు. భారతము చదివిన తెలుగువాని కివి యవనుని కల్పనలుగా తోపవు. సభాపర్వమున ధర్మరాజు రాజసూయమునకు ఉత్తరదేశపు జాతులు కానుకగా తెచ్చినది చీమలు త్రవ్విన పైపీలిక సువర్ణమే. సహదేవుని దక్షిణ దిగ్విజయమున తగిలిన జాతులలో కర్ణప్రావరణులు కలరు. అనగా మెగస్తనీసు వినినది ఈ దేశపు పురాణము. విన్నదానిని విన్నట్లే వ్రాసెను. నమ్మి వ్రాసెనా, వింతయని వ్రాసెనా యన్నది పోయిన పుటలతో పోయినది. హెరాక్లిసు తన కూతురు పాండయాకు దక్షిణమున రాజ్యమిచ్చెననియు, అందలి 365 గ్రామములు దినమునకొకటి చొప్పున నగరికి కప్పము చెల్లించుననియు చెప్పిన కథలో పాండ్యదేశపు పేరు స్పష్టముగ వినవచ్చుచున్నది. స్ట్రాబో విమర్శకుడుగా గొప్పవాడే. కాని ఈ దేశపు మాట వినక ఈ దేశమును గూర్చి తీర్పు చెప్పినవాడు. విన్నవానికి నేను పక్షపాతిని.

ఆంధ్రుల ప్రస్తావన ప్లినీ గ్రంథమున నున్నది. క్రీ.శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము బ్రద్దలైనపుడు మరణించిన యీ రోమకుడు తన ‘ప్రకృతిచరిత్ర’ ఆఱవ భాగమున భారతీయ జాతుల పట్టికను కూర్చుచు, ఆంధ్రులు బలవత్తరమగు జాతియనియు, వారికి పెక్కు పల్లెలును, గోడలు బురుజులు గల 30 పట్టణములును ఉన్నవనియు, వారు తమ రాజునకు లక్ష పదాతులను, 2,000 అశ్వికులను, 1,000 ఏనుగులను సమకూర్తురనియు వ్రాసెను. అదే పట్టికయందు ప్రాచ్యులకు, అనగా మగధకు, ఆఱు లక్షల పదాతులు, 30,000 అశ్వికులు, 9,000 ఏనుగులు. కళింగులకు 60,000 పదాతులు, 1,000 అశ్వికులు, 700 ఏనుగులు. తెలుగున వెలసిన దేశచరిత్రలలో పెక్కింట ఈ ముప్పది కోటల మాట ధ్వజమువలె ఎత్తబడినది. చంద్రగుప్తుని నాటికే ఆంధ్రులు మగధ తరువాత అంతటివారని దానినుండి సిద్ధాంతము కట్టిరి.

ఇచ్చటనే కైఫీయతు చదువు జాగ్రత్త కావలెను. ఈ వాక్యమునకు మెగస్తనీసు కర్తయని ప్లినీ చెప్పలేదు. ఆ ప్రకరణమున ఆతడు మెగస్తనీసును, ఈజిప్టు రాజు టాలమీ ఫిలడెల్ఫసు పంపిన డయొనీసియసును ఆధారములుగ పేర్కొనిన మాట నిజము. శ్వాన్‌బెక్ పట్టికను మెగస్తనీసు లెక్కలలో చేర్చుటయు నిజము. కాని ప్లినీ పలువురి గ్రంథములనుండి ఏర్చి కూర్చినవాడు. తనకు నాలుగు శతాబ్దముల వెనుకటి మాటయు, తన తండ్రినాటి మాటయు నొకే వరుసలో పెట్టగలడు. ఆ జాతి యే నదీతీరమున నుండెనో, రాజెవరో, ముప్పది పట్టణముల పేర్లేవో ఆతడు చెప్పలేదు. ఐతరేయ బ్రాహ్మణము ఆంధ్రులను ఆర్యావర్తపు అంచుల నుండు జాతులతో చేర్చి చెప్పుటచే ఆ పేరు మౌర్యులకంటె ప్రాచీనమని నిశ్చయముగ చెప్పవచ్చును. లక్ష కాల్బలము చంద్రగుప్తుని నాటిదని మాత్రము నిశ్చయముగ చెప్పరాదు. గర్వమునకు ఆధారము తక్కువయైన చోట నెమ్మదించుట ఆంధ్రులకు చిన్నతనము కాదు. శాతవాహనుల కొలువున గుణాఢ్యుడు పైశాచీభాషలో చెప్పిన బృహత్కథయు మూలము నశించి, పరుల యనువాదములలో, అనుసరణములలో మాత్రమే నిలిచినది. ఆ కథలలో నేది గుణాఢ్యునిది, ఏది కాశ్మీర కవులది యని మనమే కదా తర్కించుచున్నాము.

ఆంధ్రులను గూర్చి పుస్తకము చెప్పజాలనిదానిని కర్నూలు మండలపు బండలు కొంత చెప్పుచున్నవి. గుత్తి-పత్తికొండ త్రోవలో ఎఱ్ఱగుడి చెంత బండలపై అశోకుని పదునాలుగు ప్రధానశాసనములును, లఘుశాసనములును చెక్కబడియున్నవి. 1920-30 దశకమున వెలుగులోనికి వచ్చినవి. తొలకరి వాన కురియగానే పొలములలో వజ్రములకై జనము వంగి వెదకు జొన్నగిరి ఆ సమీపముననే కలదు. అశోకుని రాజకుమారుడొకడు పరిపాలించిన సువర్ణగిరి అదియేనని కొందఱు తలంచిరి. పదమూడవ ప్రధానశాసనము అశోకుని ధర్మమును అనుసరించు జనులలో ఆంధ్రులను పేర్కొనుచున్నది. అదే శాసనము యోనరాజగు అంతియోకుని పేరును చెప్పుచున్నది. అంతియోకుడు, అనగా రెండవ ఆంటియోకసు, సెల్యూకసునకు మనుమడు. అశోకుడు చంద్రగుప్తునకు మనుమడు. తాతలు సంధి చేసికొని ఏనుగుల నిచ్చి పుచ్చుకొనగా, ఆ సంధిదారిని వచ్చిన రాయబారి గ్రంథము నశించెను. మనుమల పేర్లు ఎఱ్ఱగుడిలో నిలిచెను.

ఎఱ్ఱగుడి లఘుశాసనమున నొక విశేషము కలదు. బ్రాహ్మీలిపి యెడమనుండి కుడికి పోవునది. ఇచ్చట కొన్ని పంక్తులు మాత్రము కుడినుండి యెడమకు పోవుచున్నవి. మడక దున్ను రైతు సాలు చివర ఎద్దులను మఱల్చినట్లు లేఖకుడు పంక్తి చివర చేయి మఱల్చెను. ప్రాచీన యవనులలోను ఇట్టి వ్రాతపద్ధతి యుండెను. దానికి వారు పెట్టిన పేరునకు ‘ఎద్దు మఱలినట్లు’ అనియే అర్థము. ఇది యవనుల వలన నేర్చినదని చెప్పుటకు ఆధారము లేదు. ఎండవేళ ఆ బండ యెదుట నిలిచి అక్షరములను వ్రేలితో అనుసరించువాడు ఒక పంక్తి ముగియగానే తానును ఆవలికి మఱలవలసివచ్చును. ఇదే మండలమున రాజుల మందగిరి బండపై ఆ లఘుశాసనమునకే మఱియొక ప్రతి కలదు. ఎండవానల కోర్చి కొన్ని యక్షరములు మాత్రమే మిగిలినవి. ఎఱ్ఱగుడి పాఠమును ప్రక్కన పెట్టుకొని, మిగిలిన యొక్కొక్క గీతను సరిచూచి, అరిగిన తావులను పండితులు పూరించిరి.